కాకినాడ ఇంటికి చౌక్తడా కిటికీ

ప్రపంచ పటం ఒకటి తెచ్చుకుని కాకినాడ మీద వేలు పెట్టండి. వేలు ఎత్తకుండా, పైకీ కిందకీ జరపకుండా, తిన్నగా తూర్పుకి బంగాళాఖాతం దాటించండి. దాదాపు యాంగోన్ మీదికే వస్తుంది. కాకినాడ అక్షాంశం ఉత్తరాన సుమారు 16.9 డిగ్రీలు, యాంగోన్‌ది 16.8. నడుమ 1,500 కిలోమీటర్ల దూరం, అందులో చాలా భాగం సముద్రమే. అంటే రెండు ఊళ్ళకీ సూర్యుడు ఒకే దారిన నడుస్తాడన్నమాట. మే నెలలో ఒకే కోణంలో కాలుస్తాడు, డిసెంబరులో ఒకే కోణంలో కరుణిస్తాడు. ఈ చిన్న భూగోళ పాఠమే మా ఇంటి కిటికీల కథకి మూలం.

మన పెద్దవాళ్ళు ఆ ఊరిని ‘రంగం’ అనేవారు. కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి ఓడలెక్కి రేవు పనికీ, బియ్యం మిల్లుల్లో పనికీ, రిక్షాలు లాగడానికీ వెళ్ళినవాళ్ళు ఎన్ని వేలమందో. కోరంగి పేరు మీదుగా అక్కడ తెలుగువాళ్ళని ‘కోరంగీలు’ అనే పిలిచేవారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. మా అమ్మ నాన్నగారు కూడా వాళ్ళలో ఒకరు, బియ్యం మిల్లులో గుమాస్తా. ఆయన పంపిన డబ్బుతోనూ, ఓడలో వేయించిన బర్మా టేకుతోనూ కాకినాడలో కట్టిన పెంకుటిల్లే అమ్మ పుట్టిల్లు. తాతగారి తర్వాత అది అమ్మకి వచ్చింది.

నేను 2014లో విమానమెక్కి అదే ఊరు వెళ్ళాను. రిక్షా లాగడానికి కాదు, ఒక బ్యాంకు కంప్యూటర్ వ్యవస్థ మార్చడానికి. 2019 దాకా ఉన్నాను. ఆఫీసుకి నడిచి వెళ్ళొచ్చని చౌక్తడాలో ఇల్లు అద్దెకి తీసుకున్నాను. బర్మీస్‌లో ఆ పేరుకి ‘రాతి వంతెన’ అని అర్థం. ఊరి నడిబొడ్డు. సూలే పగోడా, నగర పాలక భవనం, పాత హైకోర్టు, పన్సోడాన్ వీధి, అన్నీ అక్కడే. 1852 యుద్ధం తర్వాత ఇంగ్లీషువాళ్ళు గళ్ళ నోటు పుస్తకంలా గీసిన వీధులు. పెద్ద రోడ్లకి పేర్లు, మధ్యలోని సన్న సందులకి నంబర్లు. పన్నెండున్నర అడుగుల వెడల్పు, యాభై అడుగుల పొడవు ఉండే ఫ్లాట్లు అక్కడ సర్వసాధారణం. రైలు పెట్టెని తెచ్చి నాలుగో అంతస్తులో పెట్టినట్టు ఉంటుంది. గాలీ వెలుతురూ రావాలంటే ముందు నుంచి, లేకపోతే వెనక నుంచి. పక్క గోడలు పక్కింటివాళ్ళవి.

ఇలాంటి ఇంట్లో కిటికీ విలువ తెలిసినట్టు మరెక్కడా తెలియదు. చౌక్తడాలో కిటికీలకి ఇంకో ఉద్యోగం కూడా ఉంది. ప్రతి బాల్కనీ నుంచీ కింద వీధిలోకి ఒక తాడు వేలాడుతూ ఉంటుంది, చివర క్లిప్పో సంచో. కింద పేపరువాడు తగిలిస్తే పైన గంట మోగుతుంది, లాక్కోవడమే. లిఫ్టు లేని భవనాలకి అదే లిఫ్టు. సెలవులకి వచ్చిన మా పిల్లలు ఆ తాడు కోసం రోజూ ఏదో ఒకటి కొనిపించేవారు.

నేనున్నది వందేళ్ళ పైబడిన భవనం. గోడ మందం రెండు ఇటుకల పైనే. కిటికీలు నా ఎత్తుకన్నా ఎత్తు. పైన చిన్న గాలి తలుపు, దాని కింద టేకు చెక్క తలుపులు, వాటిలో సన్నటి పలకలు ఇంటి కప్పు పెంకుల్లా వాలుగా పేర్చి ఉంటాయి. మనం లూవర్లు అంటామే, అవి. ఆ పలకల సందుల్లోంచి గాలి వస్తుంది, ఎండ రాదు. వాలు బయటికి కాబట్టి వాన కూడా రాదు. యాంగోన్ వాన అంటే మన వాన కాదండీ. ఏడాదికి సుమారు 2,700 మిల్లీమీటర్లు, జూన్, జులై, ఆగస్టుల్లో నెలకి 500 దాటి కురుస్తుంది. అంత వానలోనూ తలుపులు మూసి, గాలి ఆడుతుండగా పడుకోవడం నాకు కొత్త. మిగతా అంతస్తుల్లో చాలామంది ఆ పలకల మీద ప్లైవుడ్ కొట్టేసి ఏసీలు బిగించుకున్నారు. కరెంటు పోయిన రాత్రి వాళ్ళు వీధిలోకి వచ్చి కూర్చునేవారు.

మా భవనం తలుపులు బాగుచేసే వడ్రంగి తెలుగాయనే. డెబ్భై దాటాయి. తాతల ఊరు శ్రీకాకుళం వైపట, తను మాత్రం ఇండియా చూడనేలేదు. తెలుగులో బర్మీస్ మాటలు కలిపి మాట్లాడేవాడు. మొదటి వేసవిలో నేను తలుపులన్నీ బార్లా తెరిచి కూర్చుంటే వచ్చి చూసి, “ఏటి బాబూ, ఎండని లోపలికి పిలుస్తన్నావా? ఎండ బయటే ఉండాల. గాలి లోపలికి రావాల. పొద్దు తిరిగినంక తీసుకో” అన్నాడు. తొమ్మిదింటికి మూసి, సాయంత్రం ఐదున్నరకి తీసే అలవాటు ఆయన పెట్టిందే.

2018లో కాకినాడ పెంకుటిల్లు ఇక ఆగదని తేలింది. దూలాలు చెద పట్టాయి. అదే స్థలంలో కొత్త ఇల్లు కట్టాలి. డబ్బు నాది, తిరుగుడు తమ్ముడిది, ఉండబోయేది అమ్మ. డెబ్భై అయిదేళ్ళ మనిషి, ఏసీ పడదు, కాళ్ళు పట్టేస్తాయంటుంది. మధ్యాహ్నం భోజనం చేశాక కిటికీ పక్కన నడుం వాల్చడం ఆవిడకి అరవై ఏళ్ళ అలవాటు. మే నెల కాకినాడలో ఏసీ లేకుండా ఆ అలవాటు కొనసాగాలంటే ఇల్లే ఆ పని చేయాలి. నేను పెట్టిన షరతు అదొక్కటే. మేలో కరెంటు లేని మధ్యాహ్నం అమ్మ తన గదిలో ఉండగలగాలి.

ఇంజనీరు ప్లాన్ పంపాడు. వాస్తు ప్రకారం ఇంటి పెద్ద గది నైరుతిలో. నైరుతి అంటే దక్షిణం, పడమర రెండూ తగిలే మూల, సాయంత్రానికి ఇంట్లో అన్నిటికన్నా వేడెక్కే గది. పడమటి గోడకి ఆరడుగులు బై నాలుగడుగుల స్లైడింగ్ కిటికీ, నీలం రిఫ్లెక్టివ్ గ్లాసు. “బయటినుంచి చూస్తే లుక్కు బావుంటుంది సార్” అన్నాడు.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. ఎవరైనా లుక్కు అంటే లెక్క అడగడం అలవాటు. ఆ లెక్క మీతో కూడా పంచుకుంటాను, పిల్లలు కూడా చేయొచ్చు. మే నెల సాయంత్రం నాలుగింటికి కాకినాడలో సూర్యుడు నేల నుంచి సుమారు 33 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. (భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ పక్కనుంచే పోతుంది. కాబట్టి మా ఊళ్ళో గడియారం నాలుగంటే సూర్యుడికీ నాలుగే. ఈ గౌరవం దేశంలో ఎన్ని ఊళ్ళకుంది చెప్పండి!) ఆ కోణంలో వచ్చే ఎండ నుంచి నాలుగడుగుల ఎత్తున్న కిటికీని కాపాడాలంటే సన్‌షేడ్ ఆరడుగులు ముందుకి రావాలి. అలాంటి సన్‌షేడ్ ఎవరూ వేయరు, రెండడుగులు వేసి సరిపెడతారు. అప్పుడు ఎండ గదిలోకి వచ్చి మంచం ఎక్కుతుంది. పడమటి గోడ మీద ఆ వేళ చదరపు మీటరుకి సుమారు 600 వాట్ల ఎండ పడుతుంది. ఆ కిటికీ రెండు చదరపు మీటర్ల పైచిలుకు. మామూలు గాజు అందులో ఎనభై శాతం లోపలికి పంపేస్తుంది. అంటే దాదాపు వెయ్యి వాట్లు. అమ్మ మంచం పక్కన ఒక ఇస్త్రీ పెట్టె ఆన్ చేసి వదిలేసినట్టు. ఒక టన్ను ఏసీ శక్తిలో మూడోవంతు దాన్ని చల్లార్చడానికే పోతుంది. రిఫ్లెక్టివ్ గాజు వేస్తే ఇది సగానికి సగం తగ్గొచ్చు, కానీ ఇస్త్రీ పెట్టె పోదు, చిన్నదవుతుంది.

కర్టెన్ వేసుకుంటే సరి కదా అన్నాడు తమ్ముడు. కర్టెన్ గాజుకి లోపల ఉంటుంది. ఎండ గాజు దాటి వచ్చి కర్టెన్‌ని వేడి చేశాక ఆ వేడి మళ్ళీ గాజులోంచి బయటికి తేలిగ్గా పోదు. ఎండలో నిలిపిన కారులో కూర్చున్నవాళ్ళందరికీ ఈ భౌతిక శాస్త్రం ఒంటికి తెలుసు. అడ్డు పెట్టేదేదో గాజు బయటే పెట్టాలి.

దక్షిణం మాత్రం మన స్నేహితుడు. అక్కడ మార్చి 21 ప్రాంతంలో మిట్ట మధ్యాహ్నం సూర్యుడు 73 డిగ్రీల ఎత్తులో ఉంటాడు కాబట్టి రెండడుగుల సన్‌షేడ్ కింద ఆరడుగుల నీడ పడుతుంది. డిసెంబరులో 50 డిగ్రీలకి దిగుతాడు, కాస్త ఎండ లోపలికి వస్తుంది, ఆ నెలలో ఎవరికీ అభ్యంతరం ఉండదు. అసలు మే 8 ప్రాంతంలోనూ, మళ్ళీ ఆగస్టు 5 ప్రాంతంలోనూ కాకినాడలో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిలువుగా పాతిన కర్రకి మధ్యాహ్నం నీడే ఉండదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరాన ఉంటాడు. న్యూజెర్సీలోనో, లండన్‌లోనో పెరిగే మన పిల్లలకి ఈ వింత ఎప్పుడూ కనిపించదు. వేసవి సెలవులకి తాతగారి ఊరు వెళ్ళినప్పుడు తేదీ కలిసొస్తే ఒక చీపురు పుల్ల పాతి చూడమనండి.

అమెరికాలో ఇల్లు కట్టుకున్న మిత్రులు నాకు ఫోన్లో చాలా సలహాలు చెప్పారు. రెండు గాజుల కిటికీ పెట్టించు, మధ్యలో ఆర్గాన్ వాయువు నింపించు, అని. వాళ్ళున్న చోట అది న్యాయమే. బయట సున్నా కన్నా పదిహేను తక్కువ, లోపల ఇరవై. ఆ ముప్పై అయిదు డిగ్రీల తేడాని ఆపడానికి రెండు గాజులు కావాలి. కిటికీలు తెరుచుకుని బతికే కాకినాడ ఇంట్లో లోపలికీ బయటికీ తేడా నాలుగైదు డిగ్రీలు. అక్కడ డబ్బు గాజు మందం మీద పెట్టడం కన్నా నీడ మీదా, తెరుచుకునే మేర మీదా పెట్టడం లాభం. ఇంటినిండా ఏసీలు పెట్టుకునేవాళ్ళ లెక్క వేరు, వాళ్ళకి మంచి పూత ఉన్న జోడు గాజు పనికొస్తుంది.

తెరుచుకునే మేర అన్నాను కదా, దాని మీద ప్రభుత్వ లెక్కే ఒకటుంది. 2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఇళ్ళ కోసం ‘ఎకో నివాస్ సంహిత’ అనే ఇంధన నియమావళి విడుదల చేసింది. మా పునాదులు పడుతున్న రోజులు. మన కోస్తాలాంటి వేడి, ఉక్క ఉన్న ప్రాంతాల్లో ఇంటి నేల విస్తీర్ణంలో కనీసం 16.66 శాతం, అంటే ఆరో వంతు, తెరుచుకునే కిటికీ తలుపులుండాలని అందులో ఉంది. లెక్క ఇంటి మొత్తానికి. నేను అమ్మ గదికి కూడా వేసి చూశాను. పన్నెండు బై పద్నాలుగు అడుగుల గది, 168 చదరపు అడుగులు, ఆరో వంతు 28. ఇక్కడే స్లైడింగ్ కిటికీ దొరికిపోతుంది. రెండు రెక్కల స్లైడింగ్ ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది, నియమావళి కూడా 50 శాతమే లెక్కిస్తుంది. తలుపులా తెరుచుకునే కిటికీకి 90 శాతం. స్లైడింగ్ పెడితే 56 చదరపు అడుగుల కిటికీ కొని 28 వాడుకోవాలి. మిగతా 28 ఎండకి దారి.

తమ్ముడితో ఇదంతా వాదించడానికి రెండు నెలలు పట్టింది. వాడివి కూడా తీసెయ్యాల్సిన మాటలు కావు. దోమలు, దుమ్ము, దొంగలు. పైగా, “నువ్వక్కడ కూర్చుని లెక్కలు చెప్తావు, ఇక్కడ వడ్రంగి దొరకాలి, వాడు చెప్పిన రోజుకి రావాలి. యూపీవీసీ వాళ్ళయితే ఫోన్ చేస్తే వచ్చి బిగించి పోతారు అన్నయ్యా” అన్నాడు. ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. చివరికి అమ్మే తేల్చింది. “పాత ఇంటి పడమటి కిటికీ తలుపులు కొట్లో ఉన్నాయి కదరా, అవి పెట్టండి. మిగతావి వాడికి నచ్చినట్టు చేసుకోనివ్వు” అంది.

కొట్లోంచి తీయించి ఫోటో పంపారు. వాలు పలకల తలుపులు, మూడడుగులు బై నాలుగున్నర. నేను చౌక్తడాలో రోజూ తొమ్మిదింటికి మూసి ఐదున్నరకి తీసే తలుపులే అవి. అదే పలక మందం, అదే వాలు, అడుగున అదే ఇత్తడి గడియ. తాతగారు ఓడలో టేకుతో పాటు తలుపుల కొలతలు కూడా పంపి ఉంటారు. ఫోటో మా వడ్రంగి తాతకి చూపిస్తే చాలాసేపు చూసి, “మా పనే” అన్నాడు. మూడు పలకలు చీలాయి, మిగతాది గట్టిగా ఉంది. 2014 ఏప్రిల్ నుంచి బర్మా ప్రభుత్వం టేకు దుంగల ఎగుమతి నిషేధించింది. ఇప్పుడు కొత్త బర్మా టేకు గురించి ఎవరైనా అగ్గువకి చెప్తే అనుమానించండి. కాకినాడలోనే కూల్చిన ఇళ్ళ కలప అమ్మేవాళ్ళ దగ్గర అదే వయసు ముక్క దొరికింది.

పడమటి కిటికీ చిన్నదైంది. బయట టేకు పలకల తలుపులు, మధ్యలో గ్రిల్, లోపలికి తెరుచుకునే గాజు తలుపు. గాజు ఎందుకంటే, మనవలు వచ్చినప్పుడు ఆ గదిలో కూడా ఏసీ వేయక తప్పదు, పలకల సందుల్లోంచి చల్లగాలి పారిపోతుంది. తమ్ముడి దోమల కోసం తీసి ఉతుక్కునే మెష్. దక్షిణాన పెద్ద కిటికీ, తలుపులా పూర్తిగా తెరుచుకునే యూపీవీసీ. సాయంత్రం సముద్రం మీంచి వచ్చే పైరగాలి అటునుంచే. మేలో పడమటి వడగాలి కొట్టే గంటల్లో మాత్రం పడమటి గాజు కూడా మూసేస్తుంది అమ్మ. పలకలు బయట ఎండని ఆపుతాయి, గాజు గాలిని ఆపుతుంది.

బిగింపు గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే మంచి కిటికీ పాడయ్యేది అక్కడే. చెక్క ఫ్రేమును గోడ కడుతున్నప్పుడే నిలబెట్టి హోల్డ్‌ఫాస్టులతో కట్టుబడిలో కలుపుతారు. యూపీవీసీ అలా కాదు, ప్లాస్టరింగ్ అయ్యాక, రంధ్రం కొలత తీసుకుని చేయించాలి. ఫ్రేముకీ గోడకీ చుట్టూ కొద్ది మిల్లీమీటర్ల సందు ఉండాలి, దాన్ని సిమెంటుతో కాక సీలెంటుతో నింపాలి, ఎండకి ఫ్రేము సాగుతుంది కాబట్టి. మూలల నుంచి ఆరేడు అంగుళాల్లో ఒక బోల్టు, ఆపైన రెండడుగులకి ఒకటి. ఫ్రేములోపల ఉక్కు గొట్టం ఉందో లేదో బిగించక ముందే చూడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలో అద్దాల భవనాలని ఏం చేసిందో గుర్తున్నవాళ్ళకి ఇది అతి జాగ్రత్త అనిపించదు. బందులూ స్క్రూలూ స్టెయిన్‌లెస్ స్టీలువే, ఇనుము సముద్రపు గాలికి రెండేళ్ళు ఆగదు. కిటికీ అడుగు గట్టు బయటికి వాలుగా, సన్‌షేడ్ అంచు కింద నీరు జారి పడే గాడి.

ఇక ఫ్రేము అడుగున చిన్న చిన్న రంధ్రాలుంటాయి, లోపల చేరిన వాన నీరు పోవడానికి. మా మేస్త్రి వాటిని చూసి కంపెనీవాళ్ళు పూడ్చడం మరిచిపోయారనుకుని శ్రద్ధగా సిమెంటు కూరాడు. వీడియో కాల్‌లో చూసి నేను అరిచిన అరుపుకి చౌక్తడాలో పక్కింటి బాల్కనీ తాడు గంట మోగిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. మరునాడు సన్న మేకుతో ఒక్కొక్కటే తవ్వించాడు తమ్ముడు. కిటికీలూ తలుపులూ సరిసంఖ్యలో ఉండాలి, కానీ చివర సున్నా రాకూడదన్న లెక్క మేస్త్రిదే. లెక్కిస్తే ఇరవై వచ్చాయి. మెట్ల మీద ఒక గాలి కిటికీ, వంటింటి మూల ఒకటి పెంచి ఇరవై రెండు చేశాం. మెట్ల కిటికీ వల్ల ఇంట్లో వేడి గాలి పైకి పోతోంది. వాస్తుకి ఆ మేరకు ఋణపడ్డాం.

2025 అక్టోబరు 28న మొంథా తుఫాను కాకినాడ వైపు వస్తోందని హెచ్చరికలు వచ్చినప్పుడు రోజంతా నాకు పని మీద ధ్యాస లేదు. ఆ రాత్రి తీరం దాటింది. కరెంటు ముందే పోయింది. తెల్లవారాక అమ్మ ఫోన్ దొరికింది. ఇల్లంతా బిగించుకుని కూర్చున్నారా, ఉక్కపోసిందా అని అడిగాను.

“దక్షిణం కిటికీ మూశాం. పడమటిది పలకలు వేసి, లోపల గాజు తీసుకుని పడుకున్నాను. నీళ్ళేమీ రాలేదు” అంది. కాస్సేపాగి, “కింద నుంచి రెండో పలక కాస్త ఆడుతోందిరా. తమ్ముడికి చెప్పకు, ఊరికే కంగారు పడతాడు. నువ్వొచ్చినప్పుడు చూద్దువుగాని. అవిసె నూనె కూడా అయిపోయింది” అంది.